భార్య గవర్నమెంటు టీచరు, భర్తకు ఫుట్‌బాల్ పిచ్చి: ఈ గొడవ ఎక్కడ తెగుతుంది?

నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, తప్పుంటే దిద్దు. మీ ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు, 2017 టీఆర్టీలో, అంటే టీచర్ల నియామక పరీక్షలో వచ్చిన ఉద్యోగం. ఇల్లు ఎల్బీనగర్‌లో, బడి చౌటుప్పల్ అవతల, రోజూ అప్ అండ్ డౌన్. నీది సాఫ్ట్‌వేర్, వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. రెండో తరగతి చదివే పాప. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆమె ఫోన్ వదలదు, అర్ధరాత్రి దాటినా నువ్వు ఫుట్‌బాల్ వదలవు. "మ్యాచ్‌కి దొరికే టైము నాకెందుకు దొరకదు" అని ఆమె. "టీచర్లకున్నన్ని సెలవులు ఎవరికున్నాయి, అయినా ఎప్పుడూ పని పని అనే ఏడుపే" అని నువ్వు. ఇద్దరి మధ్య దగ్గరితనం పోయి చాలా నెలలైంది. నా జీతం సరిపోతుంది కదా, ఉద్యోగం మానేయమని చెప్పనా అని చివర్లో అడిగావు.

నువ్వు మా అబ్బాయి ఈడువాడివి, అందుకే చనువుగా నువ్వు అంటున్నాను బాబూ. నేను నల్గొండ వైపు హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి హెడ్మిస్ట్రెస్‌గా రిటైర్ అయినదాన్ని. మావారు సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఫుట్‌బాల్ అంటే ఆయనకు ప్రాణం. కాబట్టి మీ ఇంట్లో రెండు పక్షాలూ నాకు బాగా తెలిసినవే. నీకు కోపం వచ్చినా సరే ఒకటి ముందే చెప్పేస్తాను. టీచర్లకు పని ఎక్కువా తక్కువా అని ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆన్‌లైన్‌లో రోజూ కొట్టుకునే వాదన ఒకటుంది. అందులో ఒక పక్షం మాటలు తెచ్చి నువ్వు మీ ఆవిడ మీద వాడావు. మీ గొడవ ముదిరింది అక్కడ, ఫుట్‌బాల్ దగ్గర కాదు.

ముందు పని సంగతి చూద్దాం.

పాఠం చెప్పడం వల్ల మనిషి అలిసిపోదు. గొంతు నొస్తుంది, కాళ్లు పీకుతాయి, పడుకుని లేస్తే పోతాయి. ఎన్నాళ్లుగానో తలకెక్కని లెక్క ఒక పిల్లాడికి ఎక్కిన రోజు ఆమె ఎంత హుషారుగా ఇంటికొస్తుందో నువ్వూ చూసే ఉంటావు. మనిషిని పీల్చేసేది పాఠం చుట్టూ చేరిన పని. పొద్దున బస్సు ఆలస్యమైతే టెన్షన్, ఎందుకంటే 2025 ఆగస్టు నుంచి తెలంగాణలో టీచర్లకు కూడా ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చింది, గేటు దగ్గర దిగి పరుగెత్తినా ఫోన్లో టైము పడిపోతుంది. ఎవరో ఒకరు సెలవులో ఉంటారు, వాళ్ల పీరియడ్ ఈమె నెత్తిన పడుతుంది. ఖాళీ పీరియడ్ అని టైమ్‌టేబుల్లో ఉన్నది బడి లెక్కలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించే యూడైస్ వివరాలకో, పిల్లల అపార్ నంబర్లకో పోతుంది. అపార్ అంటే పిల్లాడి చదువు మొత్తానికి ఒకే ఐడీ, వినడానికి బాగానే ఉంటుంది. కానీ బడి రిజిస్టర్లో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది, పుట్టిన తేదీ ఇక్కడొకటి అక్కడొకటి, తల్లిదండ్రులు కూలికి పోయి ఫోన్ ఎత్తరు, ఓటీపీ రాదు. ఒక్క పిల్లవాడి పేరు సరిచేయడానికి ఎన్ని ఫోన్లు చేయాలో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఒకరు నిలబడాలి. ఎంతమంది తిన్నారు, గుడ్డు ఇచ్చారా, ఆ లెక్క పంపాలి. ఈలోపు బడి వాట్సాప్ గ్రూపులో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి ఒక ఫార్మాట్ వస్తుంది, పైన "మోస్ట్ అర్జెంట్" అని, "ఈరోజు 4 గంటల్లోగా" అని. పోయిన నెల పంపిన వివరాలే అవి, కాలమ్‌లు అటూ ఇటూ మార్చి మళ్లీ అడుగుతారు. ఇంటికొచ్చాక ఫోన్లో ఉంటుంది అన్నావే, ఒక్కరోజైనా పక్కన కూర్చుని ఏం చేస్తోందో చూశావా? నాకు తెలిసి సగం సార్లు అదే ఫార్మాట్.

ఇక దిద్దడం. ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, అంటే మధ్యమధ్యలో వచ్చే చిన్న మదింపులు, రెండు ఎస్ఏలు, అంటే పెద్ద పరీక్షలు. ఎఫ్ఏ అంటే ఒక్క స్లిప్ టెస్టు కాదు, పిల్లల భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు, లఘు పరీక్ష అని నాలుగింటికీ మార్కులు వేయాలి, రిజిస్టర్లో రాయాలి, ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. నువ్వు లెక్కల మనిషివే కదా, వేసి చూడు. మూడు తరగతులు, తరగతికి 40 మంది, పేపరుకు మూడు నిమిషాలు. 120 పేపర్లకు 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. అదీ ఒక్క పరీక్షకు, ఒక్క సబ్జెక్టుకు. ఆ ఆరు గంటలు బడి టైమ్‌టేబుల్లో ఎక్కడా ఉండవు. అవి మీ డైనింగ్ టేబుల్ మీద జరుగుతాయి. జనవరి దాటితే పదో తరగతికి ప్రత్యేక తరగతులు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, పది ఫలితాలు తగ్గితే ముందు సంజాయిషీ అడిగేది లెక్కల టీచర్నే. మార్చిలో ఒంటిపూట బడులు అని అందరూ అంటారు గానీ పరీక్షల ఇన్విజిలేషన్, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్, అంటే పది పేపర్లు ఒకచోట కూర్చుని దిద్దడం, పడేది కూడా ఆ రోజుల్లోనే.

"రోజుకు ఐదు గంటల ఉద్యోగం" అని ఎవరో నీకు చెప్పారు, నువ్వు దాన్ని ఆమెకు చెప్పావు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా వర్తిస్తుంది. దాని షెడ్యూల్‌లో టీచరుకు వారానికి కనీసం 45 గంటల పని అని రాసి ఉంది, పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా అందులో కలిపే. అంటే తయారీ కూడా పనే అని దేశ చట్టమే ఒప్పుకుంది. ఏడాదికి ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. సెలవుల గురించి వాదించేవాళ్లు ఈ అంకెలు చూడరు.

అదే చట్టంలో 27వ సెక్షన్ మీ ఆవిడకు తెలిసే ఉంటుంది, నువ్వూ చదువు. పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు, ఈ మూడు తప్ప మరే బడికి సంబంధం లేని పనికీ టీచర్లను వాడకూడదని. 2007లో సుప్రీంకోర్టు కూడా ఎలక్షన్ కమిషన్ కేసులో, ఓటర్ల జాబితా పని టీచర్లకు ఇస్తే సెలవు రోజుల్లో, బోధన లేని రోజుల్లో ఇవ్వాలని, పాఠం జరిగే వేళల్లో మామూలుగా ఇవ్వకూడదని చెప్పింది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. మరి 2024 నవంబరులో మన రాష్ట్రంలో ఇంటింటి కుల సర్వే వచ్చినప్పుడు ఎస్జీటీలను, అంటే చిన్న తరగతుల టీచర్లను, ప్రాథమిక బడుల హెచ్ఎంలను (హెడ్మాస్టర్లను) పంపితే చిన్నపిల్లల బడులు ఒంటిపూటకు దిగిపోయాయి. సర్వే అవసరం లేదని నేను అనను, అవసరమే. కానీ దాని ఖర్చు కట్టింది ఒకటో తరగతి పిల్లలు, ఇల్లిల్లూ తిరిగి తిట్లు తిన్న టీచర్లు. ఇప్పుడు 2027 జనగణన ఉంది, అందులో ఇళ్ల జాబితా దశను 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు ఒక్కో రాష్ట్రం 30 రోజుల పాటు చేయాలి, ఈసారి మొబైల్ యాప్‌లో. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్లలో ఎక్కువమంది ఎవరో వేరే చెప్పాలా?

సరే, అవతలి మాట కూడా చెప్తాను, ఎందుకంటే ఆ మాట దాచే టీచర్లతో నాకు పడదు. సెలవులు ఉన్నమాట నిజం. దసరా, సంక్రాంతి, ఎండాకాలం, ఇవి నీ ఉద్యోగంలో లేవు. జీతం భద్రం, రేపు తీసేస్తారన్న భయం లేదు, నీకు ఆ భయం ప్రతి ఏడాదీ ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఆమెకూ లేదు. బడికి వచ్చి సంతకం పెట్టి రియల్ ఎస్టేట్ ఫోన్లు మాట్లాడుకునే మాస్టర్లూ ఉన్నారు, అలాంటివాళ్లకు నేను మెమోలు ఇచ్చాను. ఇక ప్రైవేటు బడుల్లో చెప్పే ఆడపిల్లల కష్టం ముందు గవర్నమెంటు టీచర్ల కష్టం చిన్నదే. కరోనాలో బడులు మూతబడితే వాళ్ల జీతాలు ఆగిపోయి, 2021లో ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడు నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి కూరగాయల బండి పెట్టుకుంది, ఎంఎస్సీ, బీఈడీ.

మా చెల్లెలి కూతురు ఇంగ్లండ్‌లో గవర్నమెంటు బడిలో సైన్స్ చెప్తుంది. అక్కడ హెడ్ టీచరు చెప్పినప్పుడు చెప్పిన చోట ఉండాల్సిన సమయం ఏడాదికి 195 రోజుల్లో 1,265 గంటలని నిబంధన, చెప్పే పీరియడ్లలో పదో వంతు పాఠాల తయారీకి వదలాలని ఇంకో నిబంధన. అయినా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి ఆ పిల్ల ముందు పేపర్ల కట్ట ఉంటుంది. వాళ్లాయన మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ చూస్తూ ఉంటాడు. మీ గొడవ ఎల్బీనగర్‌కే ప్రత్యేకం అనుకోవద్దని చెప్తున్నా.

ఇక మీ ఇంట్లోకి వద్దాం. మీ ఇద్దరిలో ఎవరికి ఆఫీసు పని ఎక్కువ అన్నది తేల్చడం నాకు ఇష్టం లేదు, తేలదు కూడా. నువ్వు రాసిన పెద్ద ఉత్తరంలో ఒక్క ముక్క లేదు: పాపకు జడ ఎవరు వేస్తారు, పొద్దున టిఫిన్ ఎవరు చేస్తారు, బాక్సులు ఎవరు సర్దుతారు, బట్టలు ఎవరు ఆరేస్తారు, సాయంత్రం హోంవర్క్ ఎవరు చేయిస్తారు. రాయలేదంటే అవి నీ లెక్కలోకే రాలేదన్నమాట. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ 88 కూడా ఇంటి పని అంటూ ఎంతో కొంత చేసిన మగవాళ్ల సగటు, చేయనివాళ్లను కలపలేదు. తేడా మూడు గంటల పైచిలుకు. ఆ మూడు గంటల్లో ఒక మ్యాచ్ చూసి, విరామంలో టీ తాగి, మాట్లాడుకోవడానికి ఇంకో గంట మిగులుతుంది.

ఫుట్‌బాల్ మానేయమని నేను అనను. ఎవరన్నా ఒప్పుకోను. మనిషికి తనదంటూ ఒక ఇష్టం ఉండాలి, అది పోతే ఇంట్లో కూర్చుని ఎదుటివాళ్ల మీద పడతాడు. నువ్వు లివర్‌పూల్ అభిమానినని రాశావు. ఇంగ్లిష్ లీగ్‌లో ఒక జట్టుకు సీజన్‌లో 38 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి రెండు గంటలు అనుకుంటే 76 గంటలు. ఆగస్టు నుంచి మే దాకా 76 గంటలే! ఏ భార్యా దానికి అడ్డు చెప్పదు, చాలా మ్యాచ్‌లు మనకు సాయంత్రం ఐదు నుంచి రాత్రి పదిన్నర లోపే మొదలవుతాయి కూడా. మరి నీ టైము ఎటు పోతోంది? వేరే జట్ల మ్యాచ్‌లు, ఫ్యాంటసీ టీము, ట్రాన్స్‌ఫర్ పుకార్లు, రెఫరీ తప్పు చేశాడా లేదా, మెస్సీ గొప్పా రొనాల్డో గొప్పా. ఆట రెండు గంటలు, ఆట గురించి తెలియనివాళ్లతో గొడవ నాలుగు గంటలు. మీ ఆవిడ ఉద్యోగం గురించి చెప్పానే, పాఠం కాదు దాని చుట్టూ చేరిందే మనిషిని తినేస్తుందని, నీ ఇష్టానికి కూడా అదే జరిగింది. ఆమె చుట్టూ చేరినదాన్ని వదిలించుకోలేదు, పైనుంచి ఆర్డరు. నువ్వు వదిలించుకోగలవు.

మావారి సంగతి చెప్తాను, ఎందుకంటే ఆయన పద్ధతి నాకు నచ్చింది. ఆయన నాకు ఫుట్‌బాల్‌ను ఆఫ్‌సైడ్ రూలుతో పరిచయం చేయలేదు, రహీం సాబ్ కథతో చేశారు. సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాదీ, బడిలో పాఠాలు చెప్పిన టీచరు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేశారు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ కొట్టింది. ఇండియా జట్టుకు కోచ్‌గా 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 ఫైనల్లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించే నాటికి ఆయనకు క్యాన్సర్, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956, 1962 జట్లలో ఆడినవాడే. "మీ టీచర్లే లేకపోతే మా ఆటే లేదు" అని మావారు అనేవారు, ఆ మాటతో నేను ఆయన పక్కన కూర్చుని మ్యాచ్ చూడటం మొదలుపెట్టాను. 2022 మార్చిలో గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రాత్రి ఇద్దరం కలిసే అరిచాం. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది, ఆ బాధ మా ఇంట్లో ఇంకా ఉంది. గచ్చిబౌలి స్టేడియంలో సాయంత్రం చూసుకోవాల్సిన ఆట మనకు లేక నీలాంటి పిల్లలు అర్ధరాత్రి యూరప్ ఆట చూస్తున్నారని నాకు తెలుసు. అందుకే నిన్ను తిట్టబుద్ధి కాదు. కానీ గది తలుపు వేసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుని చూసే ఆట ఇంట్లో ఎవరిదీ కాదు. మీ పాపకు ఒక బంతి కొను. ఆదివారం పొద్దున పార్కుకో గ్రౌండుకో తీసుకెళ్లు, ఆ రెండు గంటలు మీ ఆవిడ పడుకుంటుంది.

ఇప్పుడు అసలు నువ్వు నలిగిపోతున్న విషయం. ఆడమనిషిని, పెద్దదాన్ని, సూటిగానే చెప్తాను.

యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మంగళ, బుధ వారాల్లో మనకు చలికాలం రాత్రి ఒంటిగంటన్నరకు మొదలవుతాయి, మిగతా నెలల్లో పన్నెండున్నరకు. నువ్వు మంచం దగ్గరికి వచ్చేసరికి మూడున్నర. ఆమె ఐదింటికి లేస్తుంది. అంటే ఆ రాత్రుల్లో మీరిద్దరూ మెలకువగా ఒకే మంచం మీద ఉండే సమయం లేనే లేదు. శనివారం రాత్రి నీకు ఆమె కావాలనిపిస్తుంది, ఆమెకు ఆ ఒక్క రాత్రే నిద్ర. "ఇవాళ వద్దు" అంటుంది. నువ్వు దాన్ని నన్నే వద్దంది అని తీసుకుంటావు, అటు తిరిగి ఫోన్ తీస్తావు, ఆమె చూస్తూనే ఉంటుంది. ఇలా కొన్ని నెలలు జరిగాక అడగడం నువ్వు మానేస్తావు, అడగలేదని ఆమె బాధపడుతుంది. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. "ఇంకెవరైనా ఉన్నారేమో, ఫోన్ చెక్ చెయ్" అని నీకు సలహా ఇచ్చినవాడి మాట మాత్రం వినకు. ఆ ఫోన్లో నీకు దొరికేది తొమ్మిదో తరగతి మార్కుల షీటు. అది దొరికాక ఆమె నిన్ను మళ్లీ నమ్మదు.

అలిసిన మనిషికి కోరిక పుట్టకపోవడం ప్రేమ లేకపోవడం కాదు. రోజంతా ఒకరు కాకపోతే ఒకరు "మేడం" అని పిలుస్తూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. బడిలో పిల్లలు, గ్రూపులో ఆఫీసర్లు, ఇంటికొస్తే పాప, అత్తగారి ఫోను. రాత్రి నువ్వు చెయ్యి వేస్తే, అది కూడా ఎవరో ఏదో అడుగుతున్నట్టే అనిపిస్తుంది ఆ శరీరానికి. నా స్టాఫ్ రూమ్‌లో ఎంతమంది ఆడవాళ్లు ఇదే మాట చెప్పుకుని ఏడ్చారో, వాళ్ల భర్తలకు ఎప్పుడూ చెప్పలేదు. కాబట్టి కొన్నాళ్లు ఏమీ అడగకుండా దగ్గరగా ఉండు. కాళ్లు ఒత్తు, తలకు నూనె రాయి, పక్కన కూర్చుని పేపర్ల మార్కులు కూడి పెట్టు, అక్కడితో ఆపు. చెయ్యి వేసిన ప్రతిసారీ అది పడక దాకా పోదని ఆమెకు నమ్మకం కుదిరితే, ఆమే నీ వైపు తిరుగుతుంది. దానికి టైము పడుతుంది, రోజులు లెక్కపెట్టకు. ఇంకో చిన్న సంగతి, రక్త పరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్. బస్సుల్లో తిరుగుతూ టాయిలెట్ సరిగా లేదని నీళ్లు తాగడం మానేసి, పొద్దున తినకుండా పరుగెత్తే టీచర్లలో రక్తం తక్కువవాళ్లను చాలామందిని చూశాను, అందరూ దాన్ని బద్ధకం అనుకున్నారు.

మీరు ఒక ఇంట్లోనైనా ఉన్నారని గుర్తుపెట్టుకో. టీచర్లను కొత్త జిల్లాలకు కేటాయిస్తూ 2021 డిసెంబరులో 317 జీవో వచ్చినప్పుడు భార్య ఒక జిల్లాకు, భర్త ఇంకో జిల్లాకు పడిన టీచర్ల జంటలు ఎన్నో. భార్యాభర్తలను ఒకే జిల్లాకు చేర్చే స్పౌజ్ బదిలీలు 13 జిల్లాల్లో ఆపేశారు, పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వచ్చి ధర్నాలు చేశారు. నాతో పనిచేసిన ఒక జంట ఏళ్ల తరబడి శనివారం రాత్రి కలిసి ఆదివారం సాయంత్రం విడిపోయేవాళ్లు. వాళ్లు ఒకరినొకరు "నీకు పని లేదు" అని ఎప్పుడూ అనుకోలేదు. అనుకునే టైము లేదు వాళ్లకు.

ఏం చేయాలో అడిగావు కాబట్టి నాకు తోచింది చెప్తాను. ఈ ఆదివారం, పాప పడుకున్నాక, రెండు ఫోన్లూ వేరే గదిలో పెట్టి, "నీ నిన్నటి రోజు పొద్దున నుంచి రాత్రి దాకా చెప్పు" అని అడుగు. మధ్యలో నీ రోజు చెప్పకు, పరిష్కారాలు చెప్పకు, మీ హెచ్ఎంతో గట్టిగా మాట్లాడు అని అసలే అనకు. విను. తర్వాత నీ రోజు చెప్పు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత బడి గ్రూపులు మ్యూట్ చేయమను, నిజంగా అర్జెంట్ అయితే హెచ్ఎం ఫోన్ చేస్తారు, నేను చేసేదాన్ని. పొద్దున టిఫిన్, పాప తయారీ నువ్వు తీసుకో, పూర్తిగా తీసుకో, "ఏ గిన్నె వాడాలి" అని ఆమెను లేపకుండా. నీకు ఇంటి నుంచి పని ఉన్న రోజుల్లో ఇది కష్టమేమీ కాదు. ఎఫ్ఏ, ఎస్ఏ వారాలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో, ఆ వారాల్లో వంట, బట్టలు కూడా నీవే.

మ్యాచ్‌లు నెల మొదట్లో ఇద్దరూ కలిసి ఎంచుకోండి. లివర్‌పూల్‌వి అన్నీ చూడు, అర్ధరాత్రివి నెలకు ఒకటో రెండో, మిగతావి పొద్దున హైలైట్స్. 2026 ప్రపంచ కప్ అయితే ముందే మాట్లాడుకోవాల్సిందే. జూన్ 11 నుంచి జూలై 19 దాకా 104 మ్యాచ్‌లు, ఆట అమెరికా, కెనడా, మెక్సికోల్లో కాబట్టి చాలావరకు మనకు అర్ధరాత్రో తెల్లవారుజామునో పడతాయి. మన బడులు తెరిచేది జూన్ 12న. కొత్త అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, యూనిఫాంలు, బడిబాట అన్నీ ఆమెకు అప్పుడే. అన్ని మ్యాచ్‌లూ చూస్తానని నువ్వు పట్టుపడితే ఆ నెల ఇల్లు మొత్తం ఆమె మీద పడుతుంది.

అన్నిటికంటే ముందు, టీచర్ల సెలవుల మీద జరిగే ఆ గొడవల్లోంచి బయటికి రా. అక్కడ నీతో "కరెక్ట్ బ్రో" అన్నవాళ్లెవరూ మీ పాపకు జ్వరం వస్తే రారు. మీ ఆవిడ కూడా తన టీచర్ల గ్రూపుల్లో భర్తల మీద వచ్చే మాటలు నీ మీద వాడుతుంటే, అదే మాట ఆమెకూ చెప్పు, నా పేరు చెప్పి చెప్పు.

ఇక ఉద్యోగం మానేయమని చెప్పడం. వద్దు. ఆ మాట కోపంలో కూడా నోటి నుంచి రానీయకు. ఆ టీఆర్టీ నోటిఫికేషన్ 2017 అక్టోబరులో వచ్చింది, పరీక్ష 2018లో, కోర్టు కేసులు దాటుకుని వాళ్లు బడుల్లో చేరింది 2019లో. ఆ మధ్య కాలం ఆమె ఎలా గడిపిందో నువ్వే అడుగు. నీ జీతం ఇవాళ సరిపోతుంది, నీ రంగంలో రేపటి సంగతి నీకే తెలుసు. డబ్బు ఒక్కటే కాదు, ఆ బడిలో ఆమెకు ఒక పేరుంది, ఊళ్లో ఎదురుపడితే నమస్తే మేడం అంటారు. అది మానేసి వచ్చాక ఆమె నిన్ను క్షమించదు, నోటితో అనకపోయినా.

మానేయడానికీ ఇలా లాక్కురావడానికీ మధ్య దారులున్నాయి. తెలంగాణలో మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 90 రోజులు ఉంది, పిల్లలకు 18 ఏళ్లు వచ్చేలోపు, ఒక్కో విడత 15 రోజులు మించకుండా వాడుకోవచ్చు. జీతం పోదు. చాలామంది పాప పదో తరగతికి దాచుకుంటారు, కొంత ఇప్పుడే వాడితే నష్టమేమీ లేదు. బదిలీల కౌన్సెలింగ్ వచ్చినప్పుడు స్పౌజ్ పాయింట్లు గవర్నమెంటు ఉద్యోగుల జంటలకే, నీది ప్రైవేటు కాబట్టి మీకు రావు, కానీ సర్వీసు పాయింట్లతో దగ్గర బడి దొరికే అవకాశం ఎంతుందో యూనియన్ వాళ్లను అడిగితే లెక్క వేసి చెప్తారు. అది కుదిరేదాకా నువ్వు ఇంటి నుంచి పని చేసే రోజుల్లో చౌటుప్పల్‌లో ఒక చిన్న గది తీసుకుని ఉండటం కూడా ఆలోచించు, పాప బడి ఒక్కటే అడ్డం. ముందు ఆమె సర్వీస్ రిజిస్టర్‌లో సంరక్షణ సెలవు ఎంత మిగిలి ఉందో చూడమను, ఎస్ఏ-1 అయిపోయిన వెంటనే పది రోజులు పెట్టమను. ఆ పది రోజులు నువ్వు కూడా సెలవు పెట్టు.